నర్సీపట్నం అని అడిగితే: తెలుగు శోధనలో ప్రశ్న నడిచే దారి

అనకాపల్లి జిల్లాలోని నర్సీపట్నం పేరును తెలుగువాళ్లు ఒకే తీరుగా రాయరు. నర్సీపట్నం, నర్సిపట్నం, నరసీపట్నం, నర్శీపట్నం, నర్సీపట్టణం అని రకరకాలుగా రాస్తుంటారు. చదివే మనిషికి ఇందులో చిక్కేమీ లేదు, ఊరు ఒకటేనని కన్ను పడగానే తెలిసిపోతుంది. కంప్యూటరుకు మాత్రం ఇవి ఐదు వేరు వేరు పదాలు. ఆ ప్రాంత చరిత్ర మీద ఎవరో శ్రమపడి రాసిన పుస్తకం డిజిటల్ గ్రంథాలయంలో ఉందనుకుందాం. అందులో అంతటా ‘నరసీపట్నం’ అని ఉంటే, ‘నర్సీపట్నం’ అని టైపు చేసిన విద్యార్థికి ఫలితాలు లేవన్న జవాబే వస్తుంది. పుస్తకమూ ఉంది, చదవాలనుకున్నవాడూ ఉన్నాడు, మధ్యలో దారి లేదు. ఆ దారి వేసే పనికి సాంకేతిక రంగంలో టెక్స్ట్ ఎనాలిసిస్ అని పేరు. తెలుగులో సమాచారం రోజురోజుకూ పెరుగుతోంది. దాన్ని తిరిగి వెతికి తీసే విద్య మీద మన శ్రద్ధ ఆ మేరకు పెరగలేదు. అందుకే ఈ పనిని కొంచెం దగ్గరగా చూడాలి.

పూర్తి పాఠాన్ని వెతికే సాఫ్ట్‌వేర్ ఏదైనా ముందుగా ఇండెక్స్ తయారుచేసుకుంటుంది. లావుపాటి గ్రంథం చివర ఏ పదం ఏ పేజీల్లో ఉందో చూపే పదసూచిక లాంటిదే ఇది. వెతికేటప్పుడు యంత్రం పత్రాల జోలికి పోదు, ఈ సూచికనే చూస్తుంది. నేడు ప్రపంచమంతటా ఎక్కువగా వాడుతున్న లూసీన్ అనే లైబ్రరీని డగ్ కటింగ్ 1999లో విడుదల చేశాడు. దాని మీద ఆధారపడే సోలర్ 2004లో మొదలైంది, ఎలాస్టిక్‌సెర్చ్ 2010లో వచ్చింది. తెలుగు వికీపీడియాలో మనం వెతుకుడు పెట్టెలో మాట కొట్టినప్పుడు వెనుక పనిచేసేదీ ఈ కుటుంబానికి చెందిన యంత్రమే.

ఇండెక్స్‌లోకి వెళ్లే ప్రతి వాక్యాన్నీ ఎనలైజర్ అనే భాగం మూడు మెట్లలో సిద్ధం చేస్తుంది. ముందు అక్షరాల స్థాయిలో శుభ్రం చేస్తుంది, తర్వాత వాక్యాన్ని పదాలుగా విడగొడుతుంది, ఆపైన ఒక్కొక్క పదాన్నీ ఫిల్టర్ల గుండా పంపుతుంది. చివరకు మిగిలే ముక్కను టోకెన్ అంటారు. పాఠకుడు అడిగే ప్రశ్న కూడా ఇలాగే ఒక ఎనలైజర్ గుండా పోయి టోకెన్లుగా మారుతుంది. ఈ వైపు టోకెను, ఆ వైపు టోకెను అక్షరం పొల్లుపోకుండా ఒకటైతేనే ఫలితం దొరుకుతుంది. ప్రశ్న వైపు ఎనలైజర్‌ను ఎలా అమర్చాలన్నదే ఈ వ్యాసానికి ముఖ్య విషయం.

పదాలను విడగొట్టడం తేలికపని అనిపించవచ్చు. తెలుగుకు అక్కడే మొదటి దెబ్బ తగులుతుంది. పైథాన్ భాషలో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లకు ఉన్న సాధారణ లైబ్రరీ అక్షరాలను, అంకెలను, అండర్‌స్కోర్‌ను మాత్రమే పదంలో భాగంగా లెక్కిస్తుంది. మన గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నా దాని లెక్కలో అక్షరాలు కావు. ‘నర్సీపట్నం’ అన్న మాటను యూనికోడ్ వరసలో పరిస్తే న, ర, పొల్లు, స, గుడిదీర్ఘం, ప, ట, పొల్లు, న, సున్నా అని పది గుర్తులు వస్తాయి. పొల్లు దగ్గర ఒకసారి, గుడిదీర్ఘం దగ్గర మరోసారి, మళ్లీ పొల్లు దగ్గర ఇంకోసారి కత్తి పడి నర, స, పట, న అనే నాలుగు ముక్కలు మిగులుతాయి. సైకిట్-లెర్న్ అనే ప్రసిద్ధ సాధనం తన మామూలు అమరికలో ఒంటి అక్షరపు ముక్కలను వదిలేస్తుంది కాబట్టి చివరకు నిలిచేవి ‘నర’, ‘పట’ మాత్రమే. ఇదే అమరికలో ‘నరాలు’ కూడా ‘నర’గా, ‘పటం’ కూడా ‘పట’గా మారతాయి. నరాల జబ్బుల గురించి అడిగినవారికి నర్సీపట్నం వార్తలు వస్తాయి. ఆ సాధనం తప్పు చేసిందని ఎక్కడా హెచ్చరిక కనిపించదు. అందువల్లే ఈ లోపం ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకుండా ఉండిపోగలదు.

లూసీన్‌లోని స్టాండర్డ్ టోకనైజర్ యూనికోడ్ సంస్థ నిర్దేశించిన పద విభజన నియమాలను పాటిస్తుంది, కాబట్టి గుణింతాలను తుంచదు. అయితే దానికీ కొన్ని మెలికలున్నాయి. అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న కృష్ణదేవిపేటను జనం కె.డి.పేట అంటారు. ఖాళీ లేకుండా ‘కె.డి.పేట’ అని రాస్తే టోకనైజర్ దాన్ని ఒకే పదంగా తీసుకుంటుంది, ఎందుకంటే రెండు అక్షరాల మధ్య వచ్చిన చుక్క పదాన్ని విడగొట్టదు. ‘కె.డి. పేట’ అని ఒక్క ఖాళీ వదిలితే ‘కె.డి’, ‘పేట’ అని రెండు పదాలవుతాయి. ‘కేడీపేట’ అని రాస్తే మూడో రూపం. ఈ మూడూ, అసలు పేరూ కలిసి నాలుగు దారులు. నాలుగింటినీ ఒక చోటికి చేర్చాల్సింది అమర్చే మనిషే.

తర్వాతి మెట్టు సాధారణీకరణ. కంటికి ఒకేలా కనిపించే అక్షరం లోపల రెండు రకాలుగా ఉండవచ్చు. ఐత్వపు గుర్తును యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వం కింద మరో గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. ‘పైడితల్లి’ అన్న మాట రెండు ఫైళ్లలో రెండు విధాలుగా ఉంటే తెర మీద తేడా తెలియదు, వెతికినప్పుడు ఒకటే దొరుకుతుంది. ‘రోడ్‌లో’ అని విడిగా కనిపించేందుకు మధ్యలో పెట్టే కనిపించని గుర్తుదీ ఇదే సమస్య. పాత పుస్తకాల్లోని అరసున్న, బండి ర, తెలుగు అంకెలు, ‘ళ్ళ’ బదులు ‘ళ్ల’, ‘ఋణం’ బదులు ‘రుణం’, ఇవన్నీ ఈ మెట్టు మీదే సర్దుకోవాలి. 1885లో వచ్చిన శబ్దరత్నాకరం వంటి నిఘంటువుల్లో పదాలు ‘పట్టణము’ అని ము వర్ణంతో ముగుస్తాయి. నేటి పాఠకుడు ‘పట్టణం’ అని అడుగుతాడు. ఇలాంటి భేదాలను కలిపేయడంలో ఎవరికీ నష్టం లేదు.

కలపడానికి హద్దు ఎక్కడన్నది అసలు ప్రశ్న. ‘నర్సి’, ‘నర్సీ’ రూపాలు కలవాలంటే దీర్ఘాలను హ్రస్వాలుగా మార్చేస్తే చాలునని కొందరు అంటారు. ఊరి పేర్ల వరకు ఆ మాట నిజమే. కానీ తెలుగులో హ్రస్వ దీర్ఘాల భేదం అర్థాన్నే మారుస్తుంది. నెల వేరు, నేల వేరు. మెడ వేరు, మేడ వేరు. నేలసారం గురించి అడిగిన రైతుకు నెలసరి వాయిదాల ప్రకటనలు చూపే యంత్రం అతనికి ఎందుకూ పనికిరాదు. కాబట్టి దీర్ఘాలను కుదించే ఫిల్టర్‌ను మొత్తం పాఠం మీద పెట్టకూడదనీ, మనుషుల పేర్లకూ ఊళ్ల పేర్లకూ ఇండెక్స్‌లో ఫీల్డు అనే వేరే గది పెట్టి అక్కడ మాత్రమే వాడాలనీ నా గట్టి అభిప్రాయం.

తెలుగుకు అన్నిటికంటే కఠినమైన మెట్టు ప్రత్యయాలది. ఇంగ్లిష్‌లో పదాంతాలను తుంచే స్టెమ్మర్‌ను జూలీ బెత్ లోవిన్స్ 1968లో ప్రకటించింది, మార్టిన్ పోర్టర్ 1980లో ప్రకటించిన పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. ఇంగ్లిష్ నామవాచకానికి ఉండే రూపాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని. మన నామవాచకం అలా కాదు. నర్సీపట్నంలో, నర్సీపట్నానికి, నర్సీపట్నాన్ని, నర్సీపట్నంలోని, నర్సీపట్నమే, నర్సీపట్నంలోనూ, నర్సీపట్నమంటే, ఇలా ఎంత దూరమైనా పోవచ్చు. ఈ రూపాలన్నిటికీ మిగిలే ఉమ్మడి భాగం ‘నర్సీపట్న’. అది నిఘంటువులో ఉండే పదం కాకపోయినా ఫర్వాలేదు, అన్ని రూపాలూ అక్కడికే చేరితే చాలు. ‘లో’ తీసేసి, ఆపైన సున్నా తీసేయాలి. ‘ానికి’, ‘ాన్ని’ అన్న చివరలను ఒక్కసారే తీసేయాలి. ‘నర్సీపట్నమంటే’ దగ్గర సంధి విడదీయాలి.

ఇంతవరకు బాగానే ఉంది. ఇదే నియమాన్ని చిన్న పదాల మీద ప్రయోగిస్తే ‘కిలో’లోని ‘లో’ ఊడిపోయి ‘కి’ మిగులుతుంది, ‘ఆకు’లోని ‘కు’ పోయి ‘ఆ’ అవుతుంది, ‘పని’ కాస్తా ‘ప’ అవుతుంది, తాగే ‘పాలు’ బహువచనమనుకుని ‘పా’ చేస్తుంది. పదం చివర సున్నాను ఎక్కడపడితే అక్కడ తీసేస్తే ‘అండం’, ‘అండ’ ఒకటైపోతాయి. అందుకని మిగిలే భాగం కనీసం ఇంత పొడవు ఉండాలన్న నియమం, తుంచకూడని పదాల జాబితా, రెండూ కావాలి. మరోవైపు ‘ఊరు’ అన్న పదం ‘ఊరి’, ‘ఊళ్లో’ అవుతుంది, ‘ఇల్లు’ ‘ఇంటి’ అవుతుంది, ‘నీరు’ ‘నీటి’ అవుతుంది. వీటిని ఏ తుంచుడు నియమమూ పట్టుకోలేదు. పద నిర్మాణాన్ని పూర్తిగా విప్పి చూపే విశ్లేషకాలు కావాలి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ, హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీలోనూ భాషాశాస్త్రజ్ఞులు ఈ దిశగా చాలాకాలం పనిచేశారు. లూసీన్‌లో హిందీకి ఎనలైజర్ వచ్చిన చాలా ఏళ్లకు తెలుగుకూ ఒకటి చేరింది. అందులో సాధారణీకరణ ఫిల్టర్, తేలికపాటి స్టెమ్మర్ రెండూ ఉన్నాయి. మొదలుపెట్టడానికి అది మంచి ఆధారం. అదే సర్వస్వం అనుకుని వదిలేస్తే మాత్రం పైన చెప్పిన చిక్కులు అలాగే ఉంటాయి.

ఇక ప్రశ్న వైపుకు వద్దాం. సాధారణ సూత్రం సులువు: సాధారణీకరణ, స్టెమ్మింగ్ వంటి పనులు ఇండెక్స్ వైపు ఎలా చేశామో ప్రశ్న వైపూ అచ్చం అలాగే చేయాలి. ఇండెక్స్‌లో ‘నర్సీపట్న’ అని దాచుకుని, ప్రశ్నను ‘నర్సీపట్నం’ అనే వదిలేస్తే ఏదీ దొరకదు. ‘మరియు’ వంటి పదాలను ఇండెక్స్‌లో తీసేసి ప్రశ్నలో ఉంచితే, అన్ని పదాలూ ఉండి తీరాలన్న అమరికలో ‘అనకాపల్లి మరియు నర్సీపట్నం’ అన్న ప్రశ్నకు సున్నా ఫలితాలు వస్తాయి. ఎలాస్టిక్‌సెర్చ్‌లో టెర్మ్ క్వెరీ అనే రకం ప్రశ్నను అసలు విశ్లేషించకుండానే పంపుతుంది, మ్యాచ్ క్వెరీ విశ్లేషించి పంపుతుంది. ఈ తేడా తెలియక ఒకదాని బదులు మరొకటి వాడినచోట పత్రాలున్నా దొరకవు. ప్రశ్నకు ఏ ఎనలైజర్ వర్తించాలన్నదానికి ఆ యంత్రం పాటించే వరస కూడా గుర్తుంచుకోదగ్గది. ప్రశ్నలోనే పేర్కొన్న ఎనలైజర్ ఉంటే దానిదే మొదటి మాట. లేకపోతే ఫీల్డుకు విడిగా చెప్పిన సెర్చ్ ఎనలైజర్, అదీ లేకపోతే ఇండెక్స్ మొత్తానికి శోధన కోసం పెట్టిన డిఫాల్ట్, ఆ తర్వాతే ఫీల్డు సొంత ఎనలైజర్. సోలర్‌లో ఇండెక్స్‌కు ఒకటి, క్వెరీకి ఒకటి అని రెండు ఎనలైజర్లను స్కీమాలోనే పక్కపక్కన రాసుకోవచ్చు.

రెండు వైపులా ఒకేలా ఉండకూడని చోట్లు కూడా ఉన్నాయి. నేర్పు కావలసింది అక్కడే. టైపు చేస్తుండగానే సూచనలు చూపే సదుపాయాన్ని తీసుకుందాం. ఇండెక్స్ వైపు ‘నర్సీపట్నం’ను న, నర, నర్, నర్స, నర్సీ అని మొదటినుంచీ పెరిగే ముక్కలుగా దాచుతారు. ప్రశ్నను కూడా అలాగే ముక్కలు చేస్తే ‘నర్సీ’ అని కొట్టిన క్షణంలో ‘న’ అన్న ముక్క కూడా వెతుకులాటలో చేరి నాతవరం, నక్కపల్లి అన్నీ వచ్చిపడతాయి. ప్రశ్నను ముక్కలు చేయకుండా ఉన్నదున్నట్టు పంపితేనే సరైన సూచన వస్తుంది.

రెండోది పర్యాయ రూపాల జాబితా. నర్సీపట్నం, నరసీపట్నం, నర్శీపట్నం ఒకటేనని చెప్పే జాబితాను ఇండెక్స్ వైపు పెడితే, జాబితాలో కొత్త పేరు చేర్చిన ప్రతిసారీ లక్షల పత్రాలను మళ్లీ ఇండెక్స్ చేయాలి. ప్రశ్న వైపు పెడితే ఆ అవసరం ఉండదు. ‘కె.డి. పేట’ వంటి రెండు పదాల పేరు ‘కృష్ణదేవిపేట’ అనే ఒక్క పదానికి సమానమని చెప్పాలంటే పద స్థానాలను గ్రాఫ్‌గా చూపాలి. లూసీన్ ఇండెక్స్ ఆ గ్రాఫ్‌ను దాచుకోలేదు, ప్రశ్నను మాత్రం గ్రాఫ్‌గా అర్థం చేసుకోగలదు. అరుదైన స్పెల్లింగుకు అనవసరంగా ఎక్కువ మార్కులు పడతాయన్న భయమూ అక్కరలేదు. ఒకే స్థానంలో వచ్చిన పర్యాయ పదాలను లూసీన్ ఒకే పదంగా లెక్కగట్టి మార్కులు వేస్తుంది.

పర్యాయాల జాబితా రాసేవారికి చరిత్ర తెలిసి ఉండాలి. నర్సీపట్నం 2022 ఏప్రిల్ 4 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది, ఆ రోజు అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. అదే రోజు చింతపల్లి, కొయ్యూరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. పాత పత్రాల్లో ‘విశాఖపట్నం జిల్లా’ అనే ఉంటుంది, కొత్త విద్యార్థి ‘అనకాపల్లి జిల్లా’ అని అడుగుతాడు. ఈ రెండు జిల్లాలూ సమానమని జాబితాలో రాస్తే విశాఖపట్నం జిల్లాలోనే ఉన్న భీమిలి వార్తలన్నీ అనకాపల్లి ఖాతాలో పడతాయి. ప్రశ్నలో నర్సీపట్నం అన్న పేరు కూడా ఉన్నప్పుడు మాత్రమే జిల్లా పేరుకున్న పట్టు సడలించాలి. ఇది ఏ రెడీమేడ్ ఎనలైజరూ చేసిపెట్టదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో సీతారామరాజు దళం దాడి చేసిన చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల గురించి వెతికే పరిశోధకుడికి పాత ఇంగ్లిష్ రికార్డుల్లో నర్సీపట్నం పేరు ‘నరసపటం’ అని చదువుకోవలసిన స్పెల్లింగుతో కనిపిస్తుంది. అప్పటి తాలూకా పేరు గొలుగొండ, దానికి కేంద్రం నర్సీపట్నం.

ఆ గొలుగొండ దగ్గర మరో ప్రమాదం పొంచి ఉంది. ఇంగ్లిష్ లిపిలో గొలుగొండకూ, హైదరాబాద్ గోల్కొండకూ ఒకటి రెండు అక్షరాలే తేడా. టైపు తప్పులను మన్నించేందుకు పెట్టే ఫజ్జీ అమరిక ఐదక్షరాలు దాటిన పదంలో రెండు తప్పుల వరకు అనుమతిస్తుంది. గొలుగొండ పేరుతో సీతారామరాజు మన్యం తిరుగుబాటు గురించి అడిగితే కుతుబ్‌షాహీల కోట ముందుకొస్తుంది. తెలుగు లిపిలో ఈ అమరిక ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే యంత్రం లెక్కించేది మనం పలికే అక్షరాలను కాదు, యూనికోడ్ సంకేతాలను. ‘పాలు’ మనకు రెండక్షరాల మాట, యంత్రానికి నాలుగు సంకేతాలు. కాబట్టి ఒక తప్పుకు అనుమతి దొరుకుతుంది, పాలు అడిగితే ‘పాము’ కూడా సరిపోతుంది. తెలుగు పాఠానికి ఫజ్జీని డిఫాల్ట్ అమరికలో ఎప్పుడూ వదలకూడదు. మొదటి రెండు సంకేతాలు తప్పనిసరిగా కలవాలన్న షరతు పెట్టినా పాలు, పాముల చిక్కు తీరదు. ముందు మామూలుగా వెతికి, ఏమీ దొరకనప్పుడే, అదీ పొడవైన పదాలకే ఫజ్జీని వాడటం క్షేమం.

ఇన్ని భేదాలు ఒకే ఫీల్డులో ఇమడవు. ఒకే పాఠాన్ని మూడు నాలుగు ఫీల్డుల్లో దాచి, ప్రశ్నను అన్నిటి మీదా ఒకేసారి నడపడం నేను చూసినంతలో మంచి పద్ధతి. రాసింది రాసినట్టు ఉన్న ఫీల్డుకు ఎక్కువ బరువు, ప్రత్యయాలు తీసిన ఫీల్డుకు మధ్యస్థంగా, దీర్ఘాలు కుదించిన పేర్ల ఫీల్డుకు తక్కువ బరువు ఇవ్వాలి. ‘నర్సీపట్నం రోడ్’ అని అడిగినవారికి హౌరా–చెన్నై ప్రధాన మార్గం మీద ఉన్న ఆ పేరుగల రైల్వే స్టేషన్ ముందు రావాలి. నర్సీపట్నంలో రోడ్డు పనుల వార్తలు ఆ తర్వాత రావాలి. ‘రోడ్డు’ను ‘రోడ్’గా తుంచిన ఫీల్డు ఒక్కటే ఉంటే ఈ వరస నిలవదు. అసలు రూపం కూడా భద్రంగా ఉంటేనే నిలుస్తుంది.

అమరిక బాగుందో లేదో ఊహించి చెప్పకూడదు, కొలిచి చెప్పాలి. 1960ల్లో ఇంగ్లండులోని క్రాన్‌ఫీల్డ్‌లో సిరిల్ క్లెవర్డన్ నడిపిన ప్రయోగాలు దీనికి పద్ధతి నేర్పాయి. కొన్ని నిజమైన ప్రశ్నలు తీసుకుని, ప్రతి ప్రశ్నకూ ఏ పత్రాలు సరైన జవాబో మనుషులు ముందే గుర్తించి పెట్టాలి. దొరకాల్సినవాటిలో ఎన్ని దొరికాయి, దొరికినవాటిలో ఎన్ని పనికొచ్చేవి అన్న రెండు లెక్కలూ అమరిక మార్చిన ప్రతిసారీ చూసుకోవాలి. సోలర్‌లో ఎనాలిసిస్ తెర, ఎలాస్టిక్‌సెర్చ్‌లో ఎనలైజ్ అనే సదుపాయం ఒక పదం ప్రతి మెట్టు దగ్గరా ఏమవుతోందో విప్పి చూపిస్తాయి. తెలుగు వెబ్‌సైటు నడిపే ప్రతి ఇంజనీరూ తన ఊరి పేరును పది రూపాల్లో అక్కడ పెట్టి చూస్తే ఎక్కడ తెగుతోందో ఆ పూటే తెలిసిపోతుంది.

ఇక పాఠకులకు ఒక విన్నపం. ఎంత గొప్ప ఎనలైజర్‌కైనా మీ ఊరి పేరును పక్క ఊరివాళ్లు ఏమంటారో తెలియదు. అది మీకే తెలుసు. కోటవురట్లను కోటఉరట్ల అని రాసేవారున్నారని అటువైపు మనిషికే తెలుస్తుంది. తెలుగు వికీపీడియాలో ప్రతి గ్రామానికీ వేరు వేరు స్పెల్లింగులతో దారిమార్పు పేజీలు సృష్టించే వీలుంది. అక్కడి శోధన యంత్రం ఆ దారిమార్పు పేర్లను కూడా వ్యాసంతో పాటే ఇండెక్స్ చేస్తుంది. గొలుగొండ, నాతవరం, మాకవరపాలెం, రోలుగుంట మండలాల ఉపాధ్యాయులు, విద్యార్థులు తమ గ్రామాల పేర్లకు వాడుకలో ఉన్న రూపాలన్నీ, పాత పట్టాల్లోని రూపాలతో సహా, రాసి అక్కడ చేర్చండి. దానికి ప్రోగ్రామింగ్ రానక్కరలేదు.